ప్రత్యేక గది

కరోనా రెండోసారి విరుచుకుపడిన ఎండాకాలంలో నేను ధర్మవరంలో ఆశా కార్యకర్తను. ఎవరికైనా పాజిటివ్ అని తేలితే వాళ్ళింటికి వెళ్ళి ఫారం నింపాలి. అందులో ముఖ్యమైనవి రెండే ప్రశ్నలు. రోగికి ప్రత్యేక గది ఉందా? ప్రత్యేక మరుగుదొడ్డి ఉందా? ఉంటే మందుల కిట్టు ఇచ్చి ఇంట్లోనే ఉండమంటాం. లేకపోతే ఊరి బయట కోవిడ్ సెంటరుకు పంపాలి.

ఒకరోజు పొద్దున రెండు పేర్లు వచ్చాయి. మొదటాయన చీరల వ్యాపారి, కొత్త లేఅవుట్‌లో ఇల్లు. ఆయన మేడ మీదే ఉంటున్నాడు. భార్య ఫ్లాస్కులో వేడినీళ్ళు మెట్ల మీద పెట్టి, కిందికి దిగాక ఫోన్ చేసేది. నన్ను గేటు దగ్గరే ఆపి, "పైన రెండు రూములు, రెండు బాత్‌రూములు ఉండాయి, రాసుకోమ్మా" అంది. రాసుకుని వచ్చేశాను.

రెండో ఇల్లు నేతవాళ్ళ వీధిలో. వాళ్ళు నాకు బాగా తెలుసు. పదేళ్ళ కిందట ఆయన భార్యను పాప కాన్పుకు తీసుకెళ్ళింది నేనే. ఆయన్ని అన్నా అనేదాన్ని, ఆమెను వదినా అనేదాన్ని. ఇల్లంతా ఒకటే గది. అందులో సగం మగ్గమే. నేసేటప్పుడు కాళ్ళు పెట్టుకోవడానికి నేలలో తవ్విన గుంత, దాని పైన సగం నేసిన పట్టుచీర. మిగతా సగంలో పొయ్యి, బియ్యం డబ్బా, ముగ్గురు పడుకునే చోటు. మరుగుదొడ్డి నాలుగు ఇళ్ళకు కలిపి ఒకటి. చేతులు మాటిమాటికీ కడుక్కోమని ఆటోలో మైకు తిరుగుతుండేది. ఆ వీధి కొళాయిలో నీళ్ళు వారానికోసారి వచ్చేవి.

అన్న మగ్గం పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నేను గడప బయటే నిలబడ్డాను.

"సెంటరుకు పోవాలన్నా. ఈడ కుదరదు."

"నన్ను ఆడికి పంపొద్దమ్మా. ఎదురింటాయన నడుచుకుంటా పోయి ఆటో ఎక్కినాడు. మళ్ళా ఇంట్లోవాళ్ళు మొగం గూడా చూడలేదు."

"అందరికీ అట్ల కాదన్నా."

"గది ఉండాదని రాయి. మగ్గానికి అవతల నేను పండుకుంటా, ఇవతల వీళ్ళు పండుకుంటారు. నడుమ చీర కడతాము."

వదిన అప్పటికే తాడు వెతుకుతోంది. "రాయమ్మా, నేను చూసుకుంటా" అంది.

రెండు ప్రశ్నలకూ 'ఉంది' అని టిక్కు పెట్టాను. జాలిపడే పెట్టానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే నిజం. అంబులెన్సు వచ్చేదాకా ఆ ఎండలో నిలబడటం, వీధంతా నన్ను ఆయన్ని పట్టిచ్చిన మనిషిలా చూడటం, అది కూడా నాకు ఇష్టం లేకపోయింది. సాయంత్రం కాగితాలు ఇచ్చేటప్పుడు చూస్తే వ్యాపారి ఇల్లూ అన్న ఇల్లూ పక్కపక్క వరుసల్లో ఉన్నాయి. టిక్కులు చూస్తే రెండూ ఒకటే.

ఐదో రోజు వెళ్ళేసరికి అన్న తేరుకున్నాడు. వదిన దగ్గుతోంది.

"నాకేమీ లేదులేమ్మా. కండెలకు దారం చుట్టిన దుమ్ము" అంది.

వేలికి ఆక్సిజన్ చూసే మిషను పెట్టాను. తొంభై మూడు. మర్నాడు ఎనభై ఆరు. అంబులెన్సు ఎక్కేటప్పుడు ఆమె భర్త వైపు చూడలేదు, కూతురి వైపు చూడలేదు. "పొయ్యి మీద పాలు ఉండాయి, పొంగిపోతాయి, దించమను" అని నాతో చెప్పింది. అనంతపురం ఆసుపత్రిలో మూడో రోజు పోయింది. శవాన్ని ఇంటికి తేనివ్వలేదు.

ఆ తర్వాత నెలకు నాకూ జ్వరం వచ్చింది. మాకు రెండు గదులు. వెనక గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాను. ఫారంలో అడిగే ప్రత్యేక గది అదే. తలుపు అవతల నా పిల్లలు అన్నం కోసం పోట్లాడుకుంటున్నారు. మిషను తొంభై ఎనిమిది చూపిస్తోంది, నాకు మాత్రం ఊపిరి ఆడటం లేదు. గది మూలనుంచి ఎవరో దగ్గు ఆపుకుంటున్నట్టు వినిపించేది. లైటు వేసి చూసేదాన్ని. ఇప్పటికీ ఎవరి ఇంట్లోనైనా తాడు మీద అడ్డంగా చీర కట్టి ఉంటే నేను లోపలికి అడుగు పెట్టలేను.

రెండేళ్ళకు మమ్మల్ని ఒక మీటింగుకు పిలిచారు. సుస్థిరాభివృద్ధి లక్ష్యాలట. ఇల్లు, నీళ్ళు, మరుగుదొడ్డి, ఆరోగ్యం, వార్డువారీగా ఎక్కడిదాకా వచ్చామో తెర మీద చూపించారు. మా వార్డు పచ్చరంగులో ఉంది, అంటే అన్నీ ఉన్నట్టు. పాత సర్వేలు, కరోనా కాలపు ఫారాలు కలిపి వేశామని ఆఫీసరు చెప్పాడు. నేను లేచాను.

"సార్, వాటిలో కొన్ని నేను రాసినవి. అవి నిజం కాదు."

ఆయన మా వార్డు కాగితం పక్కకు తీసిపెట్టాడు. "అయితే మళ్ళీ ఇంటింటికీ పోయి రాసుకురా" అన్నాడు. కోపంగా కూడా అనలేదు.

తొమ్మిది రోజులు తిరిగాను. అన్న ఇంటికి చివరి రోజు వెళ్ళాను. మగ్గం లేదు. గుంతను మట్టితో పూడ్చి సిమెంటు పూశాడు. ఆ మేర నేల రంగు వేరుగా ఉంది. పవర్‌లూమ్ షెడ్డులో పనికి పోతున్నానన్నాడు.

"అన్నా, ఆ పొద్దు నేను తప్పు రాసినాను" అన్నాను.

"రాయమన్నది నేనే గదమ్మా."

నేల వైపు చూస్తూ ఆయనే మళ్ళీ అన్నాడు. "నేను ఆడికి పోయింటే ఆమె బతికుండేదేమో. దినామూ అదే అనుకుంటాంటా. నిన్ను ఏమనేకీ లేదు. అట్లని నువ్వు ఇంటికొస్తే నాకు బాగుండదు. పాపకు అవసరముంటే చెప్పంపుతా."

నేను సరిగ్గా రాసిచ్చాను. మా వార్డు పచ్చరంగు పోయింది. ఏడాది తర్వాత ఆ వీధికి మూడు మరుగుదొడ్లు వచ్చాయి. నీళ్ళు నాలుగు రోజులకోసారి వస్తున్నాయి. ఇళ్ళు అవే.

పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం ఆ పాప మా గుమ్మంలో నిలబడింది. అచ్చం వాళ్ళమ్మ పోలిక.

"నాయన పంపినాడు" అని తల వంచుకుంది. పెద్దమనిషి అయింది, ఇంట్లో చెప్పేవాళ్ళు లేరు.

లోపల కూర్చోబెట్టి చెప్పాల్సినవన్నీ నెమ్మదిగా చెప్పాను. అన్నం పెట్టాను. చెయ్యి కడుక్కుని, "మళ్ళీ రావచ్చా అత్తా?" అని అడిగింది.

"ఎప్పుడైనా రా" అన్నాను.