చీలిక మీద రాగి రేకు

తడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో ఆరేళ్లు సర్క్యూట్ బోర్డులు పరీక్షించిన నవోమి, తోటపల్లి గూడూరుకు వచ్చి రిపేరు కొట్టు పెట్టుకుంది. మొదట్లో టీవీలే వచ్చేవి. ఇప్పుడు చుట్టుపక్కల రొయ్యల గుంటల మీటర్లన్నీ ఆమె బల్ల మీదికే వస్తాయి.

మొన్న ఎండాకాలంలో రొయ్యల రైతు మస్తానయ్య తన ఆక్సిజన్ మీటరు పట్టుకొచ్చాడు. గుంట నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే ఆ పెట్టె తనంతట తానే, నీళ్లను చిలికి గాలి కలిపే ఏరియేటర్లను తిప్పాలి, సరిపడా ఉంటే ఆపాలి.

"మోటార్లు తిరగంగానే అంకె ఎగిరిపోతా ఉందమ్మా. ఆక్సిజన్ చాలనుకోని ఆపేస్తాది. సగం రొయ్యలు చచ్చి తేలిపోయినాయి."

కంపెనీ ఇంజనీరు నరేంద్రబాబు అప్పటికే వచ్చి, నీళ్లలో ముంచే ప్రోబును శుభ్రం చేసుకోకపోవడం రైతు తప్పేనని రాసి వెళ్లాడట.

నవోమి పెట్టెకున్న కంపెనీ సీలు తీసి, బోర్డును లైటుకు ఎదురుగా పట్టుకుంది. అడుగున గ్రౌండు రాగి పొర రెండు ముక్కలుగా చీలి ఉంది. ప్రోబు సిగ్నలు వచ్చే సన్నని రాగి గీత సరిగ్గా ఆ చీలిక మీదుగా దాటుతోంది.

"పోయిన కరెంటు తిరిగి రావాల గదన్నా. గీత కిందే రాగి ఉంటే ఆ దారినే వచ్చేస్తాది. ఈడ దారి తెగిపోయింది, చుట్టూ తిరిగి వస్తా ఉండాది. ఆ చుట్టంతా ఏరియల్ మాదిరి మోటార్ల గోలని పట్టుకుంటాది."

గీతకు సరిగ్గా కింద, చీలికకు రెండు పక్కలా పూత గీకి, సన్నని రాగి రేకు అడ్డంగా సోల్డర్ చేసింది. అంకె నిలబడింది. వారం తిరక్కుండా మరో పదకొండు పెట్టెలు వచ్చాయి.

సంగతి తెలిసి నరేంద్రబాబు, ఆమె చెయ్యి పడిన పెట్టెలకు సర్వీసు ఉండదని రైతులందరికీ వాట్సాప్‌లో పెట్టాడు. ఐదుగురు భయపడి తమవి వెనక్కి తీసుకుపోయారు. అతను కొట్టుకే వచ్చి, "మా డిజైను తప్పనడానికి నువ్వెవరమ్మా?" అన్నాడు.

నవోమికి ఒళ్లు మండింది. "నేనెవరో తర్వాత చూద్దాం సార్. రేపు మధ్యాన్నం మస్తానన్న గుంట కాడికి రండి."

మర్నాడు గట్టు మీద ఇరవై మంది దాకా చేరారు. బాగుచేసిన మీటరు ప్రోబునూ, చేయనిదాని ప్రోబునూ ఒకే బకెట్ నీళ్లలో ముంచి, నాలుగు ఏరియేటర్లూ వేయించింది. బాగుచేసినదాని అంకె నాలుగు మీదే నిలిచింది. రెండోది తొమ్మిదికి ఎగిరింది.

"ఆ పెట్టెలో ఇంకేదో లోపం ఉందిలే," అన్నాడు నరేంద్రబాబు.

నవోమి సోల్డరింగ్ ఐరన్ వేడిచేసి, బాగుచేసిన బోర్డు మీది రేకును అందరి ముందే ఊడదీసింది. మోటార్లు వేయగానే దాని అంకె కూడా ఎగిరింది. మళ్లీ అతికించి వేయించింది. అంకె కదల్లేదు.

"ఇంకోసారి తీయమంటారా సార్?"

అతను బోర్డుకు ఫోటో తీసుకుని బండెక్కాడు.

నాలుగు నెలలకు ఆ కంపెనీవే కొత్త పెట్టెలు దిగాయి. నవోమి విప్పి చూస్తే, వాటిలో ఆ గీత కింద రాగి ఒకే ముక్కగా ఉంది. నవోమి పేరు మాత్రం ఎవరూ ఎత్తలేదు. పైగా, ఇకపై సీళ్లు తీయనని సంతకం చేయమంటూ కంపెనీ నుంచి కాగితం వచ్చింది.

"పెట్టేయమ్మా, వాళ్లతో మనకెందుకు గొడవ?" అన్నాడు తండ్రి పరంజ్యోతి.

"పెట్టను నాయనా. నేను చెప్పింది నిజం గనకే వాళ్లు మార్చుకున్నారు. మళ్లీ తప్పు చేస్తే మళ్లీ సీలు తీస్తాను."

సంతకం లేని కాగితాన్ని కవరులో పెట్టి, తానే పోస్టాఫీసుకు నడిచి వెళ్లి కంపెనీకే రిజిస్టరు పోస్టులో తిప్పి పంపింది.