క్యారొలిన్ దడి, జ్ఞానవతి కత్తి

జ్ఞానవతి ప్రభువు బల్లలో చేయి వేసి ఏడాది దాటింది. మనసులో ఎవరిమీదైనా కక్ష ఉంటే, రాజీపడేదాకా ఆ బల్ల రొట్టె ముట్టకూడదని వాళ్ల తెలుగు చర్చి సంఘంలో కట్టడి. రాజీపడే రకం కాదావిడ.

హాడో రేవు ఆఫీసులో ఫైళ్లు మోసి మోసి రిటైరైంది. భర్త పోయాక బాంబూఫ్లాట్‌లో చిన్న ఇల్లు, కొన్ని మేకలు మిగిలాయి. వాటిలో నల్లమేక లిల్లీ అంటే ప్రాణం. అది పక్కింటి క్యారొలిన్ చిక్కుడుపాదు మేసింది. క్యారొలిన్ రాయి విసిరింది. చూలుతో ఉన్న లిల్లీ మర్నాడే ఈసుకుపోయి కడుపులో పిల్లను పోగొట్టుకుంది.

"నోరులేనిదాని కడుపు కొట్టావు కదే! నీ దడి బోడిగుండు చేయకపోతే నన్ను పేరుపెట్టి పిలవకు!" అని జ్ఞానవతి వీధిలో నిలబడి మెటికలు విరిచింది.

అన్నంత పనీ చేసింది. క్యారొలిన్ దడంతా సుబాబుల్ చెట్లే. ఆమె పొద్దున్నే పనికి అవతలి ఒడ్డున చాతం వెళ్లే ఫెర్రీ ఎక్కగానే, జ్ఞానవతి కత్తి పట్టుకుని కొమ్మలు నరికి లిల్లీ ముందు పడేసేది. ఎండలకు గడ్డి మాడిపోయింది, ఆకు తప్ప వేరే మేత లేదు. శత్రువు పెరటి ఆకును లిల్లీ కరకర నములుతుంటే ఆవిడ కడుపు చల్లబడేది.

లిల్లీ మళ్లీ చూలు కట్టింది. పుట్టబోయే పిల్లను కోత పండుగనాడు కానుకగా తీసుకెళ్లి, అదే సంఘానికి వచ్చే క్యారొలిన్ కళ్లెదుటే గుడిలో నిలబెట్టాలని జ్ఞానవతి పంతం. భక్తి కాదది, కసి. దేవుడికి మాత్రం తెలియదా!

ఇంతలో లిల్లీ బొచ్చు రాలింది, గొంతు వాచింది. "క్యారొలిన్ చేతబడి చేసింది" అని జ్ఞానవతి ఊరంతా చాటింది. ఆ కోపంలో కొమ్మలు ఇంకా ఎక్కువ నరికింది. చివరికి లిల్లీ ఈనింది. పిల్ల ఒంటిమీద వెంట్రుక లేదు, గొంతు దగ్గర ఉండకట్టిన వాపు, ఊపిరి లేదు.

పశువుల డాక్టరు హేమమాలిని వచ్చి చూసింది. "సుబాబుల్ ఎంత పెడుతున్నారు దీదీ?"

"అదే మేత. రోజూ కడుపునిండా."

"అయ్యో, ఆ ఆకులో జహర్ ఉంటుంది దీదీ, విషం. గొంతులో థైరాయిడ్ గ్రంథిని హార్మోన్ తయారుచేయనివ్వదు. తల్లికీ అంతే, కడుపులో పిల్లకీ అంతే. గడ్డిలో కొంచెం కలిపి పెట్టాలి, బస్."

జ్ఞానవతి కత్తితోనే దడి దగ్గరికి వెళ్లింది. దడికి అవతల క్యారొలిన్ బట్టలు ఆరేస్తోంది.

"ఏయ్! నీకు తెలుసా ఇది?"

"తెలుసు. మా మేకకి గుప్పెడే పెడతాను."

"నేను నరుకుతున్నానని..."

"అదీ తెలుసు. రోజూ బోడికొమ్మలు కనబడేవి కదా. చెబ్దామనే అనుకున్నాను. నన్ను మంత్రగత్తెనన్నావని విన్నాక నోరు మూసుకున్నాను."

జ్ఞానవతి తను నరికిన బోడికొమ్మల వైపు చూసింది. కత్తి ఆవిడ చేతిలోనే ఉంది.

ఆ ఆదివారం పాస్టరుగారు రొట్టె పళ్లెం పట్టుకుని వచ్చారు. జ్ఞానవతి చేయి చాపలేదు. పళ్లెం వెనక బెంచీకి వెళ్లింది. ఎన్నడూ బల్ల తప్పని క్యారొలిన్ కూడా చేతులు ముడుచుకునే కూర్చుంది.