ఆగస్టు వారం

ఇంట్లో ఎవరు పెన్సిల్ చెక్కినా ఆ కర్ర వాసనకు ఒక్క క్షణం ఆగిపోతాను. చుట్టూ ఉన్నవన్నీ మసకబారి, భిలాయి సెక్టర్ 4 మార్కెట్‌లో మేడ మీది చిన్న గది కళ్ల ముందు నిలుస్తుంది. బల్ల మీద ఇంకా కట్టని కాటేజీల ప్లాను, దాని వెనక రూతమ్మ గారు. ఛత్తీస్‌గఢ్ కొత్తగా రాష్ట్రమైన రోజులవి. మైకల్ కొండల్లో రాబోయే రిసార్టులో మేం వారాలు అమ్మేవాళ్లం. ఒక్కో కాటేజీకి ఎందరో యజమానులు. ఏటా ఎవరి వారం వాళ్లది. రూతమ్మ గారు మా ఆఫీసుకు పెద్ద, నాకు తొలి బాస్.

ఆవిడ అమ్మే తీరే వేరు. వచ్చిన దంపతుల్లో భార్య చేతికి పెన్సిలిచ్చి, "పొద్దున్నే టీ తాగడానికి కుర్చీ ఎక్కడేసుకుంటారో గుర్తు పెట్టండమ్మా" అనేవారు. ఇక మాట్లాడేవారు కాదు. స్టీల్ ప్లాంటు క్వార్టర్ల మధ్య, షిఫ్టు సైరన్ల మధ్య బతికిన ఆ ఆడవాళ్లు కాగితం మీదికి వంగి, లేని వరండాలో తిరిగేవారు. ఫ్యాను కింద ఆ మధ్యాహ్నాలు నిద్రలో నడిచినట్టు నడిచేవి. నాకు మాత్రం విసుగు. నాది మొదటి నుంచీ దూకుడే. "దీదీ, ఇలాగైతే సాయంత్రానికి ఒక్కరైనా సంతకం పెడతారా?" అంటే, "ఆళ్లని కాసేపు అక్కడ ఉండనీయే పిల్లా" అని నవ్వేవారు.

ఆవిడ ఊళ్లో లేని ఒక రోజున రుఆబాంధా సెక్టర్ నుంచి అప్పలరాజు గారు వచ్చారు. రోలింగ్ మిల్లు మోతలో ఏళ్లు గడిపి చెవులు దాదాపు పోగొట్టుకున్న మనిషి. కాటేజీ కట్టబోయే చోటు వెనక ఉరికే వాగు ఫోటో మీద వేలు పెట్టి, "డాక్టరు ఇంకో రెండు మూడేళ్లే అన్నాడమ్మా. ఈ సెవులు పోయేలోగా నీళ్ల సప్పుడు ఇనాల" అన్నారు. టౌన్‌షిప్‌లో సెలవంటే మే నెలే. స్కూళ్లు మూసేదీ, అందరూ రైలెక్కేదీ అప్పుడే. ఆలోచించకుండా మే వారమే చూపించాను, ఆయనా ఆలోచించకుండా తలూపారు. సంతకం పెడుతుండగా నాకు తట్టింది. ఆ ఫోటో వానాకాలంలో తీసింది. మేలో అక్కడుండేవి రాళ్లే. నోరు మెదపలేదు. ఆ నెలలో నా మొదటి అమ్మకం అది.

మర్నాడు కాగితాలు చూసి రూతమ్మ గారు ఒక్క మాటా తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నన్ను మోపెడ్ వెనక ఎక్కించుకుని రుఆబాంధా తీసుకెళ్లి, అప్పలరాజు గారి గుమ్మంలో నిలబెట్టి, "నువ్వే సెప్పు" అన్నారు.

"అంకుల్, మేలో వాగులో నీళ్లుండవు" అని గొణిగాను.

"ఏటమ్మా? ఇనబళ్లేదు."

"గట్టిగా" అన్నారు రూతమ్మ గారు.

"నీళ్లుండవు అంకుల్! తెలిసే దాచాను!" అని అరిచాను. పక్క క్వార్టర్ల తలుపులు తెరుచుకున్నాయి. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆయన మాత్రం, "మరి నీళ్లున్న వారం ఏదమ్మా?" అన్నారు. వాగు పక్క కాటేజీలు రెండే. వాటి వానాకాలపు వారాలన్నీ ఎప్పుడో అమ్ముడైపోయాయి. ఒక్క ఆగస్టు వారం మాత్రం రూతమ్మ గారు తనకోసం తీసుకున్నారు. ఆ వాగు వైపు తన కుర్చీ కూడా గీసుకున్నారని నాకు తెలుసు.

"నాది తీసుకోండన్నయ్యా, మీ మే వారం నాకివ్వండి" అని ఆవిడ పెద్ద గొంతుతో అన్నారు, అదేదో చిన్న విషయమైనట్టు.

రిసార్టు లేచాక అప్పలరాజు గారు రెండు ఆగస్టులు ఆ నీళ్ల చప్పుడు విన్నారు. మూడో ఏడు చెవులు పూర్తిగా పోయినా వెళ్లి చూసొచ్చారట. రూతమ్మ గారు మేలో వెళ్లి రాళ్ల మీద కూర్చుని వచ్చారు. బాధగా లేదా దీదీ అంటే, "నాకు సెవులున్నాయి కదే, ఎప్పుడైనా ఇంటాను" అన్నారు. ఆ ఎప్పుడైనా రాలేదు. వినకుండానే కన్నుమూశారు.

నేనిప్పుడు ఫ్లాట్లు అమ్ముతున్నాను. ఎండాకాలం బోరు ఎండిపోతుందనో, పడమటి గది ఉడుకుతుందనో ముందే చెప్పేస్తాను, అదీ బాగా గట్టిగా. "మాకు వినబడుతోంది మేడం" అని కొనేవాళ్లు నవ్వుతారు. నవ్వనీ. నేను గొంతు తగ్గించను.