ఎర్రగీత కొట్టిన పని

లక్ష్మీరాజం బొగ్గుబాయిలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరయ్యాడు. మంచిర్యాల పక్కన ఒక కాలనీలో ఇల్లు కట్టుకున్నాడు. ఉద్యోగం ఓవర్‌మన్, అంటే షిఫ్టులో ఎవరు ఏ పని చెయ్యాలో చెప్పి చేయించేవాడు. బాయి మీద అతనికి రెండు పేర్లు. ముఖం మీద "సాబ్", వెనక "ఎర్రపెన్ను". షిఫ్టు బుక్కులో రాసుకున్న పనులన్నీ షిఫ్టు ముగిసే వేళకు ఎర్రసిరాతో కొట్టేసి ఉండాల్సిందే. ఒక్క పని మిగిల్చి తర్వాతి షిఫ్టుకు అప్పగించినా అతనికి తలవంపులే. పనిమంతుడే, కాదనను. కానీ మంచిపేరు కూడా ఒక వ్యసనమే, కల్లు కన్నా మొండిది.

బిడ్డ వందన ఇంటినుంచే హైదరాబాద్ కంపెనీకి పనిచేస్తుంది. కంప్యూటర్లో తమంతట తామే పనులు చక్కబెట్టే ఏఐ ఏజెంట్ల కోసం, పనుల జాబితా చూపే పనిముట్టు ఒకటి ఆ కంపెనీ తయారుచేసింది. అది ఏం చూపిస్తుంది, ఏం చూపించదు, దాన్ని ఎలా అడగాలి అనేవి రాసిపెట్టడం వందన వంతు. ఒక పొద్దున చాయ్ తాగుతూ, రాసినదాన్ని తండ్రికి చదివి వినిపించింది.

"'ఈ పనిముట్టు మిగిలిన పనులను మాత్రమే చూపుతుంది. ఒకసారికి యాభై. పూర్తయినవి కనిపించవు.' సమజైతుందా బాపూ?"

"ఎవరు చదువుతరు బిడ్డా గిది?"

"మనుషులు గాదు. ఏజెంట్లే చదువుకుంటయి."

"మరి గవిటికి అనుమానమొస్తే?"

"ఎందుకొస్తది? రాసిందే నమ్ముతయి. జాబితాల లేదంటే అయిపోయిందనుకొని ముందటికి పోతయి."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, లక్ష్మీరాజం చాయ్ కప్పు పక్కకు పెట్టి అందుకున్నాడు.

"గట్ల పోనియ్యకు. ఇంకో మాట రాయి. జాబితాల లేదంటే పని అయిందని గాదు, ఎవరో కొట్టేసిండ్రని. నమ్మే ముందు చూసుకోమని రాయి. ఇల్లలకంగనే పండుగైతదా?"

వందన నవ్వబోయి, అతని ముఖం చూసి ఆగిపోయింది. "ఏమైంది బాపూ?"

ఇన్నేళ్లూ భార్యకు కూడా చెప్పని సంగతి అప్పుడు చెప్పాడు. పంతొమ్మిదేళ్ల కిందటి మాట. మొదటి షిఫ్టు ముగిసే వేళకు బుక్కులో ఒకే పని మిగిలింది. లోపల ఒకచోట కప్పు పగుళ్లిచ్చింది, కూలకుండా దాని కింద దుంగలు నిలబెట్టాలి. పనివాడు గట్టయ్య "కొట్టేయ్ సాబ్, నేను పోతున్న గదా" అన్నాడు. గట్టయ్య మాటంటే మాటే. లక్ష్మీరాజం ఎర్రగీత కొట్టి, సంతకం పెట్టి, పైకి వచ్చేశాడు. దారిలో పంపు ఆగిందని ఎవరో గట్టయ్యను అటు లాక్కుపోయారు. రెండో షిఫ్టు జట్టుపెద్ద కుమారస్వామి బుక్కు చూసుకున్నాడు. మిగులు పని లేదు. ధైర్యంగా ఆ కప్పు కిందికి పోయాడు. అది కూలింది.

విచారణలో అడిగితే "దుంగలు పెట్టినంకనే కొట్టేసిన సార్" అన్నాడు లక్ష్మీరాజం. ఉద్యోగం, పేరు, ఇంట్లో చిన్నపిల్ల, అన్నీ కళ్ల ముందు తిరిగాయి మరి. గట్టయ్య తల వంచుకుని అవునన్నాడు. పెట్టిన దుంగను కుమారస్వామే చూసుకోక తన్నేసి ఉంటాడని తేల్చారు. చచ్చినవాడు లేచొచ్చి కాదనడు కదా! నాలుగేళ్లకు గట్టయ్య కూడా పోయాడు.

కుమారస్వామి భార్య ఎల్లక్క రెండు వీధుల అవతలే ఉంటుంది. బతుకమ్మకు సత్తుపిండి పంపుతుంది. కనబడితే "పాణం మంచిగుందా అన్నా" అని పలకరిస్తుంది. ఆ పిలుపు వినలేక అతను చుట్టు తిరిగి బజారుకు పోతుంటాడు.

వందన తండ్రిని కసరలేదు, ఓదార్చనూ లేదు. అతను చెప్పిన మాట చేర్చి కంపెనీకి పంపింది. మూడోరోజు వచ్చి చెప్పింది.

"నీ మాట ఉంచిండ్రు బాపూ. మస్తు ముఖ్యమన్నరు." మళ్లీ తనే, "మిషిన్లకు చెప్పినవ్. ఎల్లత్తమ్మకు చెప్పవా?" అన్నది.

లక్ష్మీరాజం లేచాడు. చొక్కా తొడుక్కొని బయల్దేరాడు.

ఎల్లక్క ఇంటి ముందు గద్దె మీద కూర్చుని పుంటికూర ఆకు తెంపుతోంది. "రా అన్నా, కూసో" అని చోటిచ్చింది. అతను కూర్చుని, దాపరికం లేకుండా మొత్తం చెప్పేశాడు. ఆమె చేతులు ఆగిపోయాయి. దుమ్మెత్తి పోస్తుందనుకున్నాడు. పొయ్యాలనే కోరుకున్నాడు.

"దుంగలు పెట్టనే లేదా?"

"లేదు చెల్లె."

"ఆయినె సూసుకోలేదంటిరి గదన్నా. పిల్లలున్నరన్న సోయి లేక సచ్చిండని, పంతొమ్మిదేండ్ల సంది ఆ మనిషినే తిట్టుకుంటున్న. పెత్రమాసకు ఆయిన పేరు మీద బియ్యమిచ్చుకుంట గూడ తిట్టిన."

లక్ష్మీరాజం చేతులు జోడించాడు. ఆమె ఆ చేతుల వంక చూడలేదు. ఒళ్లో కూర కింద పడుతున్నా పట్టించుకోకుండా లేచి లోపలికి పోయి, గోడకున్న భర్త ఫోటో ముందు కూలబడింది.

"నీ తప్పేం లేకుండె. నన్ను మన్నించయ్యా, నన్ను మన్నించు" అంటూ ఏడుస్తోంది.

మన్నింపు అడగడానికి వచ్చినవాడు బయట గద్దె మీదే ఉన్నాడు.