పేరు పీకిన బండి

ఓక్లహోమా ఊళ్లలో పెట్రోలు బంకుల పక్కన బారుగా నిలబెట్టిన, కారు వెనక తగిలించి సామాను లాక్కుపోయే చిన్న అద్దె ట్రెయిలర్లను చూసినప్పుడల్లా నాకు వెల్డా హార్గిస్ గుర్తొస్తుంది. కారు సీట్లు, పడవ సీట్లు కుట్టి బతికే మనిషి. వేళ్ల కొసల మీద సూది గాట్లు, జేబులో ఎప్పుడూ సుద్దముక్క. మాట్లాడుతూనే ఎదుటివాళ్ల కుర్చీ కుట్టును బొటనవేలితో తడిమి చూసేది. అద్దె ఇల్లు అమ్ముడుపోయింది. సాయంత్రంలోగా కుట్టుమిషనూ, దాని పొడుగాటి బల్లా తీసుకుపోకపోతే కొత్త యజమాని వాటిని చెత్తబండికి ఎత్తిస్తానన్నాడు. ఆమెకున్నది ట్రెక్‌మాన్ అనే పాత ఎర్ర జీపు ఒక్కటే. బోల్తా పడే బండి అన్న అపవాదు దానికి ఎన్నడో వచ్చింది. దాని వెనక ట్రెయిలర్ తగిలించడానికి ఏ అద్దె కంపెనీ కూడా ఒప్పుకోదు. రెండు చోట్ల కాదన్నాక, వెల్డా వెన్న రాసే కత్తితో వెనక తలుపు మీది పేరు అక్షరాలను ఊడబెరికి, మూడో దుకాణంలో వేరే బండి పేరు చెప్పింది. ట్రెయిలర్ లైట్ల వైరు బండికి కలపడానికి ఆ దుకాణంలో పనిచేసే ముసలి క్లిఫర్డ్ బయటికొచ్చాడు. ఎండకు వెలిసిన తలుపు మీద అక్షరాలున్న చోట మాత్రం ఎరుపు కొత్తగా నిలిచి, పేరు మునుపటికన్నా బాగా కనిపిస్తోంది.

“ఏమ్మా, పేరు పీకావా, కొత్తగా రాయించావా?”

“చూడనట్టు పోనీ అన్నా. ఆ మిషను పోతే నాకు కూడు లేదు.”

“ఇస్తే నా కూడు పోతుంది తల్లీ.”

వెల్డా రోడ్డు పక్క కాలవగట్టున ఎర్రమట్టి తడిపి తెచ్చి, తలుపంతా అరచేతులతో పులిమింది.

“పక్క ఊళ్లో ఇంకో దుకాణముంది,” అంది.

క్లిఫర్డ్ ఆకాశంలోకి చూశాడు. “తొందరగా పో మరి.”

ఆమె రోడ్డెక్కకముందే అద్దం మీద మొదటి చినుకు పడింది.