చీటీ రాసే ముందు

మహబూబ్‌నగర్ స్టేషనుకు పట్నం బండి వచ్చినప్పుడల్లా దాని బొగ్గు పొగ నా దవాఖాన లోపలిదాకా వస్తుంది. బల్ల మీద మసి, టింక్చరు సీసా మూత మీదా మసి. ఆ వాసన తగిలితే అనంతయ్య డాక్టరుగారు గుర్తొస్తారు. జడ్చర్లలో ఆయన దగ్గర రెండేళ్ళు పనిచేశాను. పట్నంలో పుట్టి, అక్కడే చదివి, డాక్టరు పరీక్ష పాసైన కాగితం జేబులో పెట్టుకుని, అన్నీ తెలుసనుకుంటూ వచ్చినవాణ్ణి. కోపం ముక్కు మీదే ఉండేది.

ఆయనకొక పద్ధతి ఉండేది. రోగిని పట్నం పెద్ద దవాఖానకు పంపాలంటే ఒక్కరి మాట మీద చీటీ రాసేవారు కాదు. ఇంకొక వైద్యుడు చూడాలి. మొదటివాడు ఏమనుకున్నాడో రెండోవాడికి తెలియకూడదు. పేరు, ఊరు, ఎన్నాళ్ళ నుంచి బాధ, అంతవరకే చెప్పాలి. ఇదంతా చాదస్తమని ఒకసారి మొహం మీదే అనేశాను. ఆయన నొచ్చుకోలేదు. పట్నం పోవడమంటే ఈ ఊళ్ళల్లో ఒక్క మనిషి పోవడం కాదన్నారు. వెంట ఇద్దరు పోతారు, ఇక్కడ పొలమో మగ్గమో ఆగిపోతుంది. పైగా అక్కడి డాక్టరు రోగి కంటే ముందు మన చీటీని చూస్తాడు. మనం తప్పు రాస్తే ఆ తప్పుతోనే వైద్యం మొదలుపెడతాడు.

ఒక వానాకాలం పొద్దున మగ్గం నేసే సాయన్నను ఎడ్లబండిలో తెచ్చారు. వారం కింద కాలు మడతపడిందట. కుడి పాదం చీలమండ దాకా నల్లగా మాడినట్టుంది. బొబ్బలు, వాపు, ఒళ్ళు కాలిపోతోంది. భార్య బాలమ్మ చేతులు కొంగులో చుట్టుకుని గోడకు ఆనుకుని నిలబడింది. ఏం పూశారని అడిగాను. అడగడమంటే అరవడమే. నాటుమందులు పూసి మనుషుల్ని చంపేది మీరేనన్నాను. ఏమీ పూయలేదని ఆమె తల అడ్డంగా ఊపింది. ఇక నాకు అనుమానం లేదు. పాదం కుళ్ళిపోయింది, కాలు తీసేయకపోతే మనిషే దక్కడు. మధ్యాహ్నం బండికి పంపాలి.

సాయన్న నా మాటలన్నీ విని ఒక్కటే అడిగాడు. "కాలు తీస్తే మగ్గం గుంటల ఏంతోని తొక్కాలె సారూ?"

అనంతయ్యగారు లోపలి గదిలోంచి వస్తుంటే గడపలోనే ఆపి, కాలు కుళ్ళింది, చీటీ రాయండి అన్నాను. ఆయన వంగి చాలాసేపు చూశారు. తనకూ అట్లాగే కనబడుతోందన్నారు. నేను కాగితం, కలం ముందు పెట్టాను. ఆయన వాటిని ముట్టుకోకుండా, బాదేపల్లి నుంచి హకీం సాబును తీసుకురమ్మని టాంగా పంపారు.

ఇద్దరం ఒకే మాట అంటున్నాం కదా అన్నాను.

"ఇద్దరం యాడున్నం? నువ్వు చెప్పినంక చూసిన నేను. గప్పటికే నీ మాట నా కండ్లల్ల ఉండె. ఒక్కడు చూసినట్టే లెక్క."

విషం పైకెక్కితే ఎవరు జవాబు చెప్తారని గొంతు పెంచాను. హకీం సాబు కూడా అదే అంటే ఈ బండికే తానే వెంటబెట్టుకుని పోతానన్నారు ఆయన. "అందాక జర కూసో. నువ్వు ఉడుకుతాంటే ఆమె బెదురుతాంది."

హకీం సాబు ముసలాయన. ఆయనకు పేరు, ఊరు, వారం రోజులు అని మాత్రమే చెప్పారు. ఆయన పాదాన్ని వాసన చూశాడు. సూది మొనతో వేళ్ళను తాకాడు. సాయన్న చటుక్కున కాలు లాక్కున్నాడు. తరువాత ఆయన పాదాన్ని వదిలేసి బాలమ్మ వైపు తిరిగాడు.

"బిడ్డా, నీ చేతులు చూపియ్యి."

ఆమె మెల్లగా కొంగు విప్పింది. వేళ్ళ కొసలు అదే నలుపు, అవే బొబ్బలు. చాకలివాళ్ళు బట్టలకు గుర్తులు పెట్టే నల్లజీడి గింజను కాల్చి, ఆ నూనెను వాపు మీద పూసిందట. తోలును నల్లగా కాల్చే నూనె అది. కుళ్ళు వాసన లేదు, కింది కండ బతికే ఉంది కాబట్టే సూది తగిలితే కాలు లాక్కున్నాడు.

ముందే ఎందుకు చెప్పలేదని అనంతయ్యగారు మెత్తగా అడిగారు. ఆమె నా వైపు చూడకుండానే అంది. "ఆ సారు కొడ్తడేమో అనుకున్న."

బండి కూత వేసి వెళ్ళిపోయింది. సున్నపు తేటలో నువ్వుల నూనె గిలకొట్టి పాదానికి పట్టించాం. అయినా అనంతయ్యగారికి నిబ్బరం లేదు. వాపు అంచున సిరాతో గీత గీసి, రేపటికి అది గీత దాటితే బండెక్కించక తప్పదన్నారు. మరునాడు వాపు గీతకు రెండు వేళ్ళంత కిందికి దిగింది. చిటికెన వేలి గోరు ఊడిపోయింది. మిగతా కాలు సాయన్నకు దక్కింది.

ఆ సాయంత్రం నేను పట్టీలు ఉడకబెడుతుంటే అనంతయ్యగారే పక్కన వచ్చి నిలబడ్డారు. "నల్లగున్నది నీకు నల్లగనే కనబడ్డది, నాకు గూడ గంతే. గది తప్పు గాదు. ఆమె నోరు మూయించినవు సూడు, గదే తప్పు." మళ్ళీ ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు.

కిందటేడు ఆయన పోయారు. నా కోపం మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు. పట్నం పంపాల్సిన రోగి వస్తే బజారు అవతలి డాక్టరుకు కబురు పెడతాను. ఆయనకు పేరు, ఊరు, ఎన్నాళ్ళ నుంచో చెప్పి బయటికి వచ్చేస్తాను. నేను ఏమనుకుంటున్నానో నా మొహం మీద దాగదు. లోపల వాళ్ళు చిన్నగా మాట్లాడుకుంటూ ఉంటారు. ఆ మనుషులు నాకు చెప్పనిది ఆయనకు చెప్తున్నారేమో అనుకుంటూ ఎండలో నిలబడతాను. పిలిచేదాకా లోపలికి పోను.