రెండో గెడ

తెనాలి మార్కెట్లో దోసపండు కోస్తే వచ్చే తియ్యటి వాసనకు అందరికీ చిన్నతనం గుర్తొచ్చి కళ్లు చెమరుస్తాయట. నాకు మాత్రం పగిలిన తల గుర్తొస్తుంది. "ఆ రోజుల్లో ఎంత ప్రేమలండీ" అనేవాళ్లెవరైనా ఉంటే మా ఇంటికి రండి, కాఫీ ఇచ్చి మరీ వాదిస్తాను.

రేపల్లె అవతల, కృష్ణ ఒడ్డున మా ఊరు. ఏటి మధ్య లంకలో మా నాన్నకూ బాబాయికీ చెరిసగం భూమి. ఏటా వరదొచ్చి గట్లన్నీ చెరిపేసి, వెన్నలాంటి ఒండ్రు పరిచి పోయేది. నీళ్లు తీయగానే అన్నదమ్ములు మళ్లీ హద్దు వేసుకోవాలి. ఇసుకలో కాల్చుకు తిన్న మొక్కజొన్న పొత్తులు, గోంగూర పచ్చడి నంజుకున్న చద్దన్నం, పాదుల మధ్య ఎండకు పగిలి నవ్వే దోసపళ్లు, మడమల దాకా చల్లగా దిగబడే మట్టి, ఇవన్నీ పిల్లలకు. మగవాళ్లకు మిగిలింది హద్దు ఒక్కటే. దాన్ని దాటి మేసిన గేదెకు తోక ఉండేది కాదు.

నా చిన్నప్పుడు ఒక వేసవిలో నాన్నకు క్యారియర్ తీసుకుని పడవ దిగేసరికి, బాబాయి హద్దు దాటి పెట్టిన దోసపాదును నాన్న వేళ్లతో సహా పీకేస్తున్నాడు.

"అన్నవని చూస్తున్నా. ఇంకో తీగ మీద చెయ్యేస్తే నరుకుతా!"

"నువ్వా? దోసకాయ తరగడం నేర్చుకుని రారా ముందు."

బాబాయి చేతికర్ర నాన్న తలమీద పడింది. నాన్న కూలబడుతూనే బాబాయి కాలు పట్టుకుని పిక్క కొరికాడు. ఇద్దరూ పాదుల మీద దొర్లారు. పళ్లు చితికి, గుజ్జూ నెత్తురూ కలిసి, ఎవరి ఒంటి మీద ఏదో తెలియలేదు. చివరికి నాన్న లేవలేదు.

రేపల్లె ఆసుపత్రికి చేర్చాలి. అప్పటికే సముద్రపు పాటు మొదలై, నీళ్లు వెనక్కి తీస్తూ, ఏరు పడవను కిందికి గుంజుతోంది. ఒక్క వెదురు గెడతో తోసి దాటలేనన్నాడు పడవ వెంకన్న. కూలీలు ఆ రోజు రాలేదు. లంకలో ఉన్న రెండో మగాడు బాబాయే.

"వాడు గెడ పట్టుకుంటే నేనెక్కను," అన్నాడు నాన్న.

"అయితే ఇక్కడే పడుకోండి పెదబాబుగారూ. రేపొచ్చి ఎత్తుకుపోతా, ఈగలు ముసిరాక," అన్నాడు వెంకన్న.

నాన్న ఎక్కాడు. నేను తువ్వాలు నాన్న తలకు అదిమిపెట్టి కూర్చున్నాను. అది నా వేళ్ల కింద వెచ్చగా తడుస్తూనే ఉంది. బాబాయి, పిక్క నుంచి నెత్తురు కారుతుంటే, ఏరంతా తిడుతూ తోశాడు.

"చావకు! నువ్వు చస్తే ఆ హద్దెక్కడో నాకెవడు చూపిస్తాడు?"

"గట్టిగా తొయ్యరా," నాన్న కళ్లు మూసుకునే అన్నాడు. "అన్నం తినలేదా?"

కుట్లు పడ్డాయి, నాన్న బతికాడు. దీంతో అన్నదమ్ములు కలిసిపోయారనుకుంటున్నారేమో, అదేం లేదు. మరుసటేడు నాన్న బాబాయి వేలు విరిచాడు. ఆ తర్వాతెప్పుడో ఒక వరద లంకనే కోసుకుపోయింది.

ఊళ్లో మిగిలిన దొడ్డిగోడ మీద ఇప్పుడు మా తమ్ముడికీ బాబాయి కొడుక్కీ కేసు. మొన్న సాక్ష్యానికని నన్ను కోర్టుకు పిలిచారు. ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోలేదు, తిట్టుకోనైనా లేదు. వేర్వేరు కార్లలో వచ్చారు, వేర్వేరు కార్లలో వెళ్లిపోయారు.